సన్నబడే సూది... అరికాళ్ళలో చీమలు!

హాలీవుడ్ తారలు ఉన్నట్టుండి సన్నబడిపోతుంటే "ఏం తింటున్నారబ్బా!" అనుకున్నాం. తినటం కాదట, సూది పొడుచుకోవటం! టీవీ మహారాణి ఓప్రా విన్‌ఫ్రే తానూ బరువు తగ్గే మందు వాడుతున్నానని 2023 డిసెంబరులో దాచకుండా చెప్పేసింది.

ఇలాంటి మందుల్లో పేరుమోసింది సెమాగ్లూటైడ్. 2022లో దానికి కరువొచ్చేసరికి అమెరికాలో కొన్ని ఫార్మసీలు సొంతంగా కలిపి అమ్మటం మొదలెట్టాయి. కొందరు అందులో బి6 విటమిన్ కూడా జోడించారు. విటమినే కదా అనుకునేరు! బి6 మోతాదు మించి చాలాకాలం ఒంట్లో పడితే నరాలే దెబ్బతింటాయి. అరికాళ్ళలో చీమలు పాకినట్టుంటుంది, మంటలు, తిమ్మిర్లు... కెమెరా ముందు నడవాల్సిన కాళ్ళు మరి!

సిరంజిలోకి ఎంత తీయాలో తెలీక 5 నుంచి 20 రెట్లు ఎక్కించుకున్నవాళ్ళున్నారని 2024లో అక్కడి ఎఫ్.డి.ఎ. హెచ్చరించింది. అంటే సీసాలో ఏం కలిపితే అదీ అన్ని రెట్లే! అమెరికాలో ఉన్న మనవాళ్ళూ, కాళ్ళు తిమ్మిరెక్కితే డాక్టరుకి ఆ సీసా లేబులు కూడా చూపించండి.