‘ఎలా వచ్చింది?’ అని అడిగే నాలుగో తరగతి

ఆగస్టులో బడులు తెరిచి నెల తిరక్కముందే మా తెలుగు అమ్మల వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకే రకం మెసేజీలు మొదలవుతాయి. “మూడో తరగతి దాకా ఆడుతూ పాడుతూ వెళ్లాడు, ఇప్పుడేమైందో తెలియదు.” “జవాబు కరెక్టే, అయినా టీచరు మళ్లీ చెయ్యమని పంపింది.” “హోంవర్క్ దగ్గర రోజూ ఏడుపే.” పిల్లాడు ఏ తరగతని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: ఫోర్త్ గ్రేడ్.

మా పెద్దమ్మాయి పోయిన జూన్‌లో ఆ తరగతి దాటింది. మేముండేది కాలిఫోర్నియాలో, బే ఏరియాలో. ఆ ఏడు అక్టోబరులో ఒక రాత్రి భాగహారం లెక్కల కాగితం పక్కకు తోసేసి, “నేను మాథ్ పర్సన్‌ని కాదమ్మా” అంది. తొమ్మిదేళ్ల పిల్ల! నేను బీఎస్సీ చదివాను, వాళ్ల నాన్న ఇంజనీరు. ఇవాళ రాని లెక్క రేపొస్తుంది, దానికి బెంగ లేదు. కానీ తన గురించి తాను అప్పుడే అలా తీర్మానం చేసేసుకుందే అని నాకు భయం వేసింది. ఆ వారం నుంచే ఈ తరగతిలో పిల్లల్ని అసలేం అడుగుతున్నారో కూర్చుని చదివాను, టీచరుతో మాట్లాడాను.

నాకు అర్థమైనంతలో ఈ ఏడాది బడి పిల్లల్ని రెండు కొత్త పనులు అడుగుతుంది. జవాబు ఎలా వచ్చిందో చెప్పమంటుంది. తన పని తననే చూసుకోమంటుంది. దాంతోపాటు ఇంట్లో మనం చేసే సాయం కూడా మారాలి.

లెక్కలు: రెండు పద్ధతుల మధ్య

కాలిఫోర్నియా 2010లో కామన్ కోర్ ప్రమాణాలు తీసుకుంది. చాలా రాష్ట్రాల్లో ఇవే, లేదంటే వీటికి దగ్గరగా ఉండేవే నడుస్తున్నాయి. వీటి ప్రకారం ఒక అంకెను ఒక అంకెతో గుణించే ఎక్కాలన్నీ మూడో తరగతి చివరికి నోటికి రావాలి. నాలుగులో రెండంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యతో గుణించాలి. నాలుగంకెల దాకా ఉన్న సంఖ్యను ఒక అంకెతో భాగించి శేషం చెప్పాలి. భిన్నాలు పోల్చాలి, ఒకే హారం ఉన్నవాటిని కూడాలి, తీసెయ్యాలి. ప్రొట్రాక్టర్ పెట్టి కోణాలు కొలవాలి.

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మనం చిన్నప్పుడు నేర్చుకున్న నిలువు గుణకారం ఈ ప్రమాణాల్లో ఐదో తరగతికి వస్తుంది. మెట్లు మెట్లుగా దిగే లాంగ్ డివిజన్ ఆరో తరగతికి. నాలుగులో అడిగేది సంఖ్యను స్థానాల ప్రకారం విడగొట్టి చెయ్యడం. 36ను 24తో గుణించమంటే పిల్లలు నాలుగు గళ్ల పెట్టె గీస్తారు. 30 ఇరవైలు 600, 30 నాలుగులు 120, 6 ఇరవైలు 120, 6 నాలుగులు 24. అన్నీ కలిపితే 864. 156ను 4తో భాగించమంటే, ముందు 30 నాలుగులు 120 తీసేస్తారు, 36 మిగులుతుంది. అందులో 9 నాలుగులు. మొత్తం 39.

మా ఇంట్లో గొడవ అక్కడే వచ్చింది. నాన్న పద్ధతి కాగితం మీద అడగలేదు, కాగితం మీది పద్ధతి నాన్నకు తెలియదు. ఇద్దరి మధ్యా పిల్ల నలిగిపోయింది. ఇండియాలో మూడో తరగతి చదివి మధ్యలో ఇక్కడికొచ్చిన పిల్లలకు ఇది ఇంకా కష్టం. వాళ్లు చకచకా లెక్క చేసేస్తారు, అయినా “పెట్టె ఏది?” అని అడుగుతారు.

మేం చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. ముందు బడి పద్ధతిలో చెయ్యాలి, అదీ నాన్నకు పాఠం చెబుతున్నట్టు చెప్పాలి. తర్వాత నాన్న తన పద్ధతిలో చేసి సరిచూస్తాడు. రెండు జవాబులూ కలిస్తే సరే, కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో ఇద్దరూ వెతకాలి. నాన్నకు పాఠం చెప్పడం దానికి ఎంత నచ్చిందంటే, ఏడుపు నెలలోపే తగ్గింది. ఎక్కాల సంగతి మా అత్తగారు చూసుకున్నారు. ఆదివారం వీడియో కాల్‌లో నానమ్మ, మనవరాలు తెలుగులోనే ఎక్కాలు అప్పజెప్పుకుంటారు. ఎక్కాలు తడుముకునే పిల్లకు ఏ పద్ధతైనా బరువే, అందుకని ఆ పాత అలవాటు వదలకండి.

భిన్నాల్లో మన భాష మనకు పెద్ద సాయం. నాలుగో తరగతి ప్రమాణాల్లో 3/4 అంటే మూడు 1/4లు అని పిల్లలకు అర్థం కావాలని ఉంది. మన ‘ముప్పావు’లో ఉన్నది అదే కదా, మూడు పావులు! ‘పావుతక్కువ రెండు’ అనడంలో ఒక తీసివేత ఉంది. ‘వీసమెత్తు’ అంటాం, వీసం అంటే పదహారో వంతు. ఇడ్లీకి ముప్పావు కప్పు మినప్పప్పు నానబోసేదాన్ని, చుట్టాలొస్తున్నారని మూడింతలు పొయ్యాలి, ఎన్ని కప్పులని ఒకరోజు అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టి “తొమ్మిది పావులు, అంటే రెండుంబావు” అంది. బడిలో అదే లెక్కకు పేరు భిన్నాన్ని పూర్ణసంఖ్యతో గుణించడం.

చదువు: గడగడా చదివితే చాలదు

హార్వర్డ్‌లో చదువు నేర్పడం మీద పరిశోధన చేసిన జీన్ చాల్ 1983లో ‘స్టేజెస్ ఆఫ్ రీడింగ్ డెవలప్‌మెంట్’ అనే పుస్తకం రాశారు. మూడో తరగతి దాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు, నాలుగు నుంచి చదివి కొత్త విషయాలు నేర్చుకోవాలి అని ఆవిడ విభజించారు. అప్పటిదాకా బాగా చదివిన కొందరు పిల్లలు సరిగ్గా ఇక్కడ వెనకబడతారు. దాన్ని ఇక్కడ ‘ఫోర్త్ గ్రేడ్ స్లంప్’ అంటారు.

మన పిల్లల్లో చాలామంది పెద్ద మాటలను గడగడా చదువుతారు, స్పెల్లింగులూ చెప్పేస్తారు. “ఈ పాత్రకు అసూయగా ఉందని నీకెలా తెలిసింది? కథలో ఏ వాక్యం చూసి చెప్పావు?” అని అడిగితే ఆగిపోతారు. నాలుగో తరగతిలో పదే పదే వచ్చే ప్రశ్న ఇదే. రాత కూడా ఇలాంటిదే. ఒక అభిప్రాయం చెప్పి, దానికి కారణాలు, ఆధారాలు రాయాలి. ఒక్క కూర్చోవడంలో కనీసం ఒక పేజీ టైపు చెయ్యగలగాలని కూడా ప్రమాణాల్లో ఉంది. కాబట్టి వేసవిలో రోజూ పది నిమిషాలు టైపింగ్ నేర్పిస్తే మంచిది. అక్షరం వెతుక్కోవడంలోనే ఓపిక అయిపోతే ఆలోచన కాగితం దాకా రాదు.

ఈ అలవాటు తెలుగులో చేయించినా పనికొస్తుంది. తెనాలి రామలింగడి పిల్లి కథ చెప్పండి. పాలు చూడగానే పిల్లి ఎందుకు పారిపోయిందో మీరు చెప్పకుండా, “నీకేమనిపిస్తోంది? ఎందుకలా అనుకున్నావు?” అని అడగండి. కారణం చెప్పడం ఒక భాషలో వస్తే రెండో భాషకూ అందుతుంది. బీఎస్సీ ప్రాక్టికల్స్ రికార్డులో పరిశీలన ఒకచోట, ఫలితం ఇంకోచోట రాయించేవాళ్లు గుర్తుందా? వీళ్ల సైన్స్ క్లాసులోనూ చెప్పిన మాట, ఆధారం, ఆ ఆధారం ఎలా సరిపోతుందో వివరణ, అని మూడు భాగాలుగా రాయిస్తున్నారు.

ప్రాజెక్టులు: చెయ్యి ఎవరిది?

కాలిఫోర్నియాలో నాలుగో తరగతి సోషల్ స్టడీస్ అంటే మన రాష్ట్ర చరిత్రే. 1769 నుంచి 1823 వరకు స్పెయిన్ నుంచి వచ్చిన క్రైస్తవ గురువులు ఇక్కడ స్థాపించిన 21 మిషన్లు అందులో ఉంటాయి. చక్కెర ముక్కలతో, ఐస్‌క్రీం పుల్లలతో మిషన్ నమూనా కట్టడం ఏళ్ల తరబడి ఈ తరగతికి గుర్తు. మన నాన్నలు అర్ధరాత్రి దాకా కూర్చుని బ్రహ్మాండంగా కట్టేవాళ్లు. 2016లో వచ్చిన రాష్ట్ర మార్గదర్శకాలు ఆ పని వద్దన్నాయి. నమూనా కడితే ఆ కాలం అర్థం కాదని, అక్కడ స్థానిక తెగలవాళ్లు ఎలా బతికారో, ఏం పోగొట్టుకున్నారో ఆలోచింపజెయ్యాలని వాటి ఉద్దేశం. ఇప్పుడు పిల్లలు చదివి, రాసి, క్లాసులో నిలబడి చెప్పాలి. అక్కడ అమ్మానాన్నల చేతి పనితనం అక్కరకు రాదు. మనం చెయ్యగలిగింది వినడం, “ఇది నీకెక్కడ దొరికింది?” అని అడగడం.

సంచీ తనది, పని తనది

ఈ ఏడాది నుంచి ప్లానర్‌లో హోంవర్క్ రాసుకోవడం, లైబ్రరీ పుస్తకం తిరిగివ్వడం, వారాల ముందే చెప్పిన ప్రాజెక్టును రోజులకు పంచుకోవడం పిల్లల బాధ్యత. మేం గుమ్మం పక్కన ఒక కాగితం అంటించాం: ఫోల్డరు, నీళ్ల సీసా, క్రోమ్‌బుక్, లంచ్ బాక్సు. రెండు వారాలు గుర్తు చేశాం, ఆ తర్వాత మానేశాం. ఒకసారి ఫోల్డరు మర్చిపోయి వెళ్లింది. వాళ్ల నాన్న కారు తాళాలు తీసుకుంటే నేనే వద్దన్నాను. తర్వాతి సోమవారం అదే కాగితాన్ని చేత్తో చూపిస్తూ సంచీ సర్దుకుంది.

హోంవర్క్‌కి ఎంతసేపని అడుగుతుంటారు. తరగతికి పది నిమిషాల చొప్పున అన్నది ఇక్కడ నేషనల్ పీటీఏ కూడా ఒప్పుకున్న లెక్క. నాలుగో తరగతికి 40 నిమిషాలు. అంతకు మించి రోజూ కూర్చుంటున్నా తెమలకపోతే, అక్కడ ఆపి, “ఇంతసేపు చేసింది, ఇక్కడ ఆగింది” అని టీచరుకు ఒక ముక్క రాసి పంపండి. టీచరుకు తెలియాల్సింది కూడా అదే. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం చెబుతోంది. కుమాన్, కూచిపూడి, ఈత అన్నీ అయ్యాక ఆ గంటలు మిగులుతున్నాయా అని ఒకసారి లెక్క వేసుకోండి.

రిపోర్టు కార్డు, టీచరుతో మాట

మా స్కూల్లోలాగే చాలాచోట్ల మార్కులుండవు, 1 నుంచి 4 వరకు అంకెలుంటాయి. 3 చూడగానే మనకు నూటికి డెబ్బై ఐదు అనిపిస్తుంది. 3 అంటే ఈ తరగతికి రావాల్సింది వచ్చేసిందని అర్థం. 2 అంటే దారిలో ఉందని. పిల్ల ముందు 3ను చూసి ముఖం చిట్లించకండి, అది మంచి అంకె.

కాన్ఫరెన్స్‌లో ఇచ్చే పదిహేను ఇరవై నిమిషాల్లో “క్లాసులో ఎన్నో ర్యాంకు?” అని అడిగితే జవాబు రాదు. ఈ నాలుగూ అడగండి. ఎక్కడ ఆగిపోతోంది? ఆగినప్పుడు సాయం అడుగుతోందా? క్లాసులో ఇచ్చిన పని క్లాసులో పూర్తి చేస్తోందా? ఇంట్లో మేం ఒకే ఒక్క పని చెయ్యాలంటే ఏం చెయ్యమంటారు? మా టీచరు చివరి ప్రశ్నకు, “తను వివరిస్తుంటే మధ్యలో అందుకోకండి” అన్నారు.

నెలల తరబడి కష్టపడుతున్నా చదవడంలోనో లెక్కల్లోనో మార్పు కనిపించకపోతే, ముందు కళ్లు పరీక్ష చేయించండి. ఆ తర్వాత బడికి రాతపూర్వకంగా మూల్యాంకనం అడగండి. ఫెడరల్ చట్టం ప్రకారం అది అడిగే హక్కు తల్లిదండ్రులకుంది, ఖర్చు లేదు. కాలిఫోర్నియాలో మన ఉత్తరం అందిన 15 రోజుల్లో బడి జవాబివ్వాలి. ఇందులో నామోషీ పడాల్సిందేమీ లేదు. వీసా మీద ఉన్నవాళ్ల పిల్లలకూ ఈ హక్కు ఉంటుంది.

మా అమ్మాయి ఇప్పుడు ఐదులో ఉంది. లెక్కల్లో అందరికన్నా ముందేం లేదు. జవాబు తప్పయితే మాత్రం “ఆగు, ఎక్కడ తప్పిందో చూస్తా” అంటోంది. ఈ ఆగస్టులో మీ పిల్లలు ఈ తరగతిలో అడుగుపెడుతుంటే, బడి తెరిచేలోపు మూడు పనులు చేసి పెట్టుకోండి: ఎక్కాలు, టైపింగ్, గుమ్మం పక్కన ఒక కాగితం. బడి తెరిచాక సాయంత్రం “ఎన్ని వచ్చాయి?” అని అడగబోయే ముందు “ఇవాళ ఏది కష్టమనిపించింది? ఎలా చేశావు?” అని అడిగి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి.