మూలపడిన స్కానరుకు లినక్స్ వైద్యం

మన ఇండ్లలో చాలాచోట్ల గరాజులోనో, బేస్‌మెంటులోనో ఒక పాత స్కానరు పడి ఉంటుంది. దాని అద్దం పగలలేదు, మోటారు అరగలేదు. అయినా కొత్త కంప్యూటరుకు తగిలిస్తే పలకదు. దానిని పారవేసే ముందు అది ఎందుకు మూగబోయినదో తెలుసుకోవడం మంచిది. ఎందుకనగా స్వదేశం నుండి వచ్చిన ఇన్‌లాండు ఉత్తరాలు, పెద్దల ఫొటోలు, మళ్ళీ అచ్చుకాని పుస్తకాలు మన వద్ద కాగితం మీదనే ఉన్నాయి. కాగితం ఏటేటా పెళుసెక్కుతున్నది.

స్కానరుకు, కంప్యూటరుకు నడుమ ఒక దుబాసీ కావాలి. ఆ ప్రోగ్రామునే డ్రైవరు అంటారు. దీపం వెలిగించుమనీ, ఇంత దూరం జరుగుమనీ, చదివిన గీతను పంపుమనీ యంత్రానికి తెలిసిన భాషలో చెప్పడం దాని పని. తయారీదారు ఆనాటి ఆపరేటింగ్ సిస్టముకు డ్రైవరు వ్రాసి ఇస్తాడు. సిస్టము మారిన తరువాత, పాత సరుకు కోసం మళ్ళీ వ్రాయడం లాభసాటి కాదనుకుంటే, యంత్రం బాగున్నా మూలపడుతుంది.

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌లో పరిస్థితి వేరు. అందులోని ప్రోగ్రాముల మూలరూపాన్ని ఎవరైనా చదివి సవరించవచ్చును. లినక్స్‌లో స్కానర్లకు 'సేన్' అనే ఉమ్మడి వ్యవస్థ ఉన్నది. తయారీదారులు సహకరించని చోట, ఔత్సాహికులు తీగలో ప్రవహించే సంకేతాలను గమనించి, వాటి అర్థం గ్రహించి డ్రైవర్లు వ్రాశారు.

ఉన్న సిస్టమును చెరపకుండానే, యుఎస్‌బి పుల్ల నుండి లినక్స్‌ను నడిపి పరీక్షించవచ్చును. ఆ పరీక్షలో మూడు మెట్లున్నాయి.

మొదటిది గుర్తింపు. 'ఎల్‌ఎస్‌యుఎస్‌బి' అనే ఆజ్ఞ ఇస్తే ప్రతి పరికరానికి రెండు సంఖ్యలు కనిపిస్తాయి. ఒకటి తయారీదారుది, రెండవది నమూనాది. ఒకే పేరుతో అమ్మిన పెట్టెలలో లోపలి చిప్పు వేరుగా ఉండవచ్చును గనుక, పేరును కాక ఈ సంఖ్యలను సేన్ జాబితాతో సరిచూడాలి. జాబితాలో లేని స్కానరు సేన్‌తో పనిచేయకపోవచ్చును.

రెండవది ఫర్మ్‌వేర్. కొన్ని స్కానర్లు స్విచ్ వేసిన ప్రతిసారీ ఒక చిన్న ఫైలును కంప్యూటరు నుండి అందుకుంటే గాని పనిచేయవు. ఆ ఫైలు స్కానరుతో వచ్చిన సీడీలో ఉంటుంది. దానిని కాపీ చేసి, అది ఎక్కడ ఉన్నదో సేన్ అమరిక ఫైలులో వ్రాయాలి. కనుక పాత సీడీలను పారవేయరాదు.

మూడవది అనుమతి. 'సుడో'తో, అనగా నిర్వాహకుని అధికారంతో ప్రయత్నిస్తే స్కానరు కనబడి, మామూలు వాడుకరికి కనబడకపోతే లోపం డ్రైవరులో లేదు. లినక్స్ పరికరాన్ని అందరికీ తెరవలేదని అర్థం. కొన్ని లినక్స్‌లలో 'స్కానర్' అనే బృందంలో మన పేరు చేర్చి, మళ్ళీ లాగిన్ అయితే సరిపోతుంది.

ఇక స్కానింగు. అంగుళానికి 300 చుక్కలకు తగ్గరాదు. అంతకంటె తగ్గితే మన ఒత్తులు, తలకట్లు అలుక్కుపోతాయి. 2005లో మూలరూపంతో సహా విడుదలైన 'టెసరాక్ట్' ప్రోగ్రాముకు తెలుగు దత్తాంశాన్ని జోడిస్తే, అచ్చు పుటను దిద్దడానికీ వెదకడానికీ వీలైన అక్షరాలుగా మారుస్తుంది. చేతివ్రాతకు మాత్రం అది పనికిరాదు. ఉత్తరాలను బొమ్మలుగానే భద్రపరచాలి. ప్రతి ఫైలుకు తేదీ, వ్రాసినవారి పేరు, చుట్టరికం చేర్చడం మరువరాదు.

టెసరాక్ట్ చదివిన పుటలోనూ తప్పులు దొర్లుతాయి. వాటిని దిద్దడానికి తెలుగు చదవగల పెద్దలు కావాలి. ఆజ్ఞలు టైపు చేయడానికి పిల్లలున్నారు. ఇద్దరూ కలసి కూర్చోగల రోజులలోనే ఈ పని పూర్తిచేయడం మేలు.