పేస్ట్ అలంకారం కాదు, ఆరోగ్యం: నొప్పి రాకముందే పళ్ల గురించి

సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదువుకున్న వాళ్లందరికీ ‘కాస్మెటిక్ చార్జీలు’ అనే మాట తెలుసు. సబ్బు, తలనూనె, పేస్ట్, బ్రష్ కొనుక్కోవడానికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు అది. నెలనెలా అని కాగితం మీద ఉంటుంది. ఆ డబ్బు ఆగిన నెలల్లో మేం ముందు మానేసింది పేస్టే. సబ్బు లేకపోతే నలుగురికీ తెలిసిపోతుంది, పేస్ట్ లేకపోతే ఎవరికీ తెలియదు. పక్క మంచం వాళ్లను ఇంత అడగడం, అదీ దొరకని రోజు ఉత్త నీళ్లు పుక్కిలించి క్లాసుకు పోవడం మాలో చాలామంది చేసిన పనే.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పారాసెటమాల్ ఉన్న జాబితా అది. మన దగ్గర మాత్రం పేస్ట్ చట్టం లెక్కలో సౌందర్య సాధనం, హాస్టల్ పద్దులో కాస్మెటిక్, 2025 సెప్టెంబర్ దాకా 18 శాతం జీఎస్టీ కట్టాల్సిన సరుకు. ఇప్పుడు 5 శాతానికి తగ్గించారు. పేరులో ఏముంది అనుకోవచ్చు. అలంకారానికి ఇచ్చే డబ్బు రెండు నెలలు ఆలస్యమైతే అధికారులకు అదో పెద్ద విషయంలా కనిపించదు. హాస్టల్లో మందులు రెండు నెలలు ఆగాయంటే జవాబు చెప్పాల్సి వస్తుంది.

పేస్ట్‌ను మందు అని ఎందుకు అంటున్నామో తెలియాలంటే పన్ను ఎలా పాడవుతుందో చూడాలి.

పన్ను పైన తెల్లగా కనిపించే పింగాణి పొరను ఎనామిల్ అంటారు. ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం అదే. అందులో నరాలు ఉండవు. చిక్కంతా అక్కడే ఉంది. మనం తిన్న తీపిని, పిండి పదార్థాన్ని నోట్లోని బాక్టీరియా తిని ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, లవణాలను తిరిగి పన్నుకు అందిస్తుంది. ఈ కరగడం, పూడటం రోజంతా జరుగుతూనే ఉంటాయి. కరిగేది ఎక్కువై పూడేది తక్కువైతే ముందుగా పంటి మీద సున్నం చుక్క లాంటి తెల్ల మచ్చ పడుతుంది. ఈ దశలో నొప్పి ఉండదు. ఫ్లోరైడ్ పేస్ట్ వాడుతూ తీపి తగ్గిస్తే చాలావరకు వెనక్కి మళ్లించవచ్చు. మచ్చ గుంట అయిందంటే ఇక పోయిన ఎనామిల్ మళ్లీ పుట్టదు, సిమెంట్ పెట్టించుకోవాలి. అప్పటికీ చాలామందికి నొప్పి ఉండదు, చల్లనిది తాగితే జివ్వుమనడం తప్ప. పుచ్చు లోపలి పొరను కూడా తినేసి నరం దాకా పోయినప్పుడు నిద్ర పట్టని పోటు మొదలవుతుంది. అంటే నొప్పి జబ్బుకు మొదలు కాదు, దాదాపు ఆఖరు. అప్పటికి మిగిలేవి రెండే దారులు. రూట్ కెనాల్‌కు వేలు పెట్టాలి. పీకించుకుంటే వందల్లో పోతుంది. మన వాడల్లో నలభై దాటిన వాళ్ల దవడ పళ్లు లెక్కపెడితే ఎవరు ఏ దారిన పోయారో తెలుస్తుంది.

చిగుళ్ల సంగతీ ఇంతే. తోముకునేటప్పుడు రక్తం వస్తుంది కానీ నొప్పి ఉండదు. పళ్లు కదిలే దాకా పట్టించుకోం. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మరింత ముదురుతుంది, చిగుళ్ల జబ్బు వల్ల షుగర్ కూడా అదుపు తప్పుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. దంత వైద్య శిబిరాలకు వచ్చే కొందరు మన బస్తీల్లో మొదలుపెట్టేది శుభ్రత పాఠంతోనే. ఏళ్ల తరబడి పొద్దున్నే వేపపుల్ల నమిలిన అవ్వలకు శుభ్రత నేర్పుతారు. ‘వీళ్లకు తెలియదు’ అన్న ఆ చూపు మనకు కొత్త కాదు. కూలికి పోయే మనిషి పన్ను చూపించుకోవాలంటే ఒక రోజు కూలి పోవాలి. నాట్లప్పుడు, కలుపు తీతప్పుడు ఆకలి చంపుకోవడానికి నాలుగైదు సార్లు తీపి టీ తాగాలి. పంటికి ఎంత చక్కెర తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ఎక్కువ ముప్పు, ఎందుకంటే ప్రతిసారీ ఆమ్లం కొత్తగా పుడుతుంది. కాలువల్లో, మ్యాన్‌హోళ్లలో పనిచేసే మనవాళ్లు ఆ కంపు తట్టుకోవడానికే ఖైనీ, గుట్కా పెట్టుకుంటామని చెబుతారు. ఆ పని అలాగే ఉంచి, అలవాటు మానమని పోస్టరు అంటిస్తే సరిపోతుందా?

నోటి క్యాన్సర్ కూడా మొదట్లో నొప్పి పెట్టదు. మానని తెల్ల మచ్చ లేదా ఎర్ర మచ్చ, రెండు వారాలు దాటినా తగ్గని పుండు, కారం తగిలితే మంట, నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోకపోవడం గుర్తులు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో ఈ మచ్చలు వస్తాయి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలని జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలోనే ఉంది. ఆశా కార్యకర్తను అడగండి, అది మనకు ఎవరో చేసే మేలు కాదు.

పథకాల విషయానికొస్తే, ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బుల కోసం పెట్టింది. పుచ్చుపన్నుకు సిమెంట్ పెట్టించుకోవడానికి ఎవరూ ఆసుపత్రిలో చేరరు. అందుకే కార్డు ఉన్నా ఖర్చు జేబులోంచే పోతుంది.

పిల్లలకు మాత్రం ఒక దారి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు ఏడాదికోసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు రావాలి. వాళ్లు చూడాల్సిన వాటిలో పళ్ల జబ్బులూ ఉన్నాయి. ఆరేళ్లప్పుడు పాలపళ్లన్నిటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడ పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుని వదిలేస్తాం. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను, లోతైన గాడుల వల్ల త్వరగా పుచ్చేదీ అదే. ఒకటో తరగతిలోనే చూసి ఆ గాడులను సీలెంట్‌తో పూడిస్తే ఆ పిల్లకు ముప్పై ఏళ్ల బాధ తప్పుతుంది.

ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ వాళ్లు ఉలిక్కిపడటం న్యాయమే. అక్కడ పళ్లు గారపట్టినట్టు కావడానికి కారణం తోమకపోవడం కాదు. పళ్లు లోపల తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్లు తాగడం వల్ల అది వస్తుంది. పేస్ట్ మింగేది కాదు, పంటి పైన పనిచేసేది. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పెట్టి ఉమ్మించాలి. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో చిన్నపిల్లలకు ఏ పేస్ట్ వాడాలో డాక్టర్‌ను అడగడం మంచిది. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి రాత్రి తోముకోవడం తప్పనిసరి. తోమాక నురుగు ఉమ్మేస్తే చాలు, చెంబుడు నీళ్లతో కడిగేస్తే మందు పోయినట్టే. ఇటుక పొడి, బొగ్గు ఎనామిల్‌ను అరగదీస్తాయి. పొగాకు కలిపిన పళ్లపొడిని ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

తెలంగాణ ప్రభుత్వం 2024లో కాస్మెటిక్ చార్జీలను 200 శాతం పెంచింది. ఆ పెంపు వెనక విద్యార్థుల ఏళ్ల పోరాటం ఉంది. ఇప్పుడు హాస్టల్ కమిటీల్లో ఉన్న విద్యార్థులు అడగాల్సినవి రెండున్నాయి. ఈ నెల పేస్ట్ డబ్బు ఏ తేదీన పడింది? పోయినసారి వైద్య బృందం పళ్లు చూసి రెఫరల్ చీటీ రాసిన పిల్లల్లో ఎంతమందిని ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఎవరు వెంట వెళ్లారు, బస్సు చార్జీ ఎవరు పెట్టారు?