ప్రార్థించే చేతులకు పిడికెడు బియ్యం

పెనుగొలను వంటి మన పల్లె సంఘాల్లో స్త్రీలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు దేవుని పేర విడిగా తీసిపెడతారు. ఆదివారం అది ఆలయానికి చేరుతుంది. ఈసారి అందులో కొంత కార్మెల్ మఠంలోని కతోలిక సన్యాసినులకు పంపుదామని మేము అన్నప్పుడు, సంఘ పెద్ద ఒకరు సూటిగా అడిగారు. "అయ్యగారూ, వాళ్లు బడి నడపరు, ఆస్పత్రి నడపరు, గడప దాటి బయటికి రారు. కూలి చేసుకునే మనవాళ్ల బియ్యం వాళ్లకెందుకండీ?"

న్యాయమైన ప్రశ్నే, కాని కొత్తది కాదు. 1562లో స్పెయిన్‌లోని ఆవిలా పట్టణంలో తెరేసా అనే సన్యాసిని నలుగురు కన్యలతో చిన్న మఠం ప్రారంభించినప్పుడు పట్టణ పెద్దలు అడ్డుతగిలారు. ఆస్తిపాస్తులు, స్థిరమైన రాబడి లేని ఈ ఆడవాళ్లు ఊరికి భారం కారా అన్నారు. చేతిపని, దేవుడు పంపే కానుకలు చాలునన్నది తెరేసా విశ్వాసం. వ్యాజ్యం నడిచింది, మఠం నిలిచింది. ఆ సంప్రదాయంలోనే 1870లో ఫ్రాన్సు నుండి వచ్చిన సహోదరీలు మంగుళూరులో మఠం స్థాపించారు. వారిలో గలిలయలో పుట్టిన మరియం బవార్దీ అనే యువతి ఉంది. ఆమెను 2015లో పోపు ఫ్రాన్సిస్ పునీతురాలిగా ప్రకటించారు.

వీరి దినమంతా కీర్తనలతో, నియమిత వేళల ప్రార్థనతో గడుస్తుంది. రోజుకు రెండు గంటలు మౌనధ్యానం. మిగిలిన వేళల్లో బలిపూజకు అప్పాలు చేయడం, గురువుల వస్త్రాలు కుట్టడం వంటి పనులు. వాటితో వచ్చేది కొద్దే. వృద్ధ సహోదరీలకు మందులు కావాలి, కరెంటు బిల్లు కట్టాలి.

వారితో మేము ఏకీభవించని సంగతులున్నాయి, దాచడమెందుకు? సన్యాస ప్రమాణాల వల్ల నీతిమంతులం కాలేమని లూథరు 1521లోనే రాశాడు. 1525లో, మఠం విడిచి వచ్చిన కాథరీనాను పెండ్లాడాడు. పునీతులను వేడుకోవడం మా బోధ కాదు. అయితే లూకా 2:36–38లో అన్న అనే ప్రవక్త్రి ఏ సంస్థ నడిపింది? దేవాలయం విడువక ఉపవాస ప్రార్థనలతో సేవించింది, అంతే. బాలయేసును గుర్తించిన కన్నులు ఆమెవి. రెఫీదీములో యెహోషువ కత్తి పట్టి పోరాడుతుంటే కొండమీద మోషే చేతులెత్తి ఉన్నాడు. ఆ చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు వాటిని ఆదుకొన్నారు, కూర్చోవడానికి రాయి వేశారు. మన బియ్యం ఆ రాయి వంటిది.

ఇంకొక మాట ఒప్పుకోవాలి. ప్రార్థన గురించి సెమినరీలో పరీక్షలు రాసి ఉత్తీర్ణులమైన మేము, కమిటీ మీటింగుల్లో గంటలు గడిపి మోకాళ్లమీద పది నిమిషాలు నిలవలేని రోజులు ఎన్నో. మా ప్రార్థన కూటం గంట దాటితే వాచీలు చూసుకునేవారూ ఉన్నారు. పదిహేనేళ్లకే లిసియూ మఠంలో చేరి, 1897లో 24 ఏళ్లకే మరణించిన తెరేసమ్మ, ఇద్దరు మిషనరీల కోసం ప్రార్థించే బాధ్యత తీసుకొని వారికి ఉత్తరాలు రాసేది. గడప దాటని ఆమెనే 1927లో కతోలిక సంఘం మిషన్లకు పాలక పునీతురాలిగా ప్రకటించింది.

కతోలికులు 1953 నుండి నవంబరు 21ని ఇటువంటి మఠాల కోసం ప్రత్యేకిస్తున్నారు. మేమూ ఆ వారమే పంపాలనుకున్నాం. వారి ప్రార్థనలకు ఇది వెల కాదు. అయినా దుబాయి వెళ్లి జాబు లేని మన పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసి సంచిలో పెడుతున్నాం.

చివరికి ఆ పెద్దే మెత్తబడి రెండు కోడిపుంజులు ఇస్తానన్నారు. కార్మెల్ నియమంలో జబ్బుపడినవారికి తప్ప మాంసం లేదు. పుంజులను కోత పండుగ వేలంపాటలో పెట్టి, ఆ డబ్బుకు నూనె, కందిపప్పు కొని పంపుదామని చెప్పాం.