తంబుర ఒకటే, పాట వేరు

సంగీతపత్రిక చేతికి రాగానే, లోపలి రాగముల పేర్లు చదువకముందే ముఖచిత్రము మనకు సగము సంగతి చెప్పివేయును. వాద్యము గీచిరి గనుక తెలిసినదని చాలమంది యందురు. మేమును చాలకాలము అట్లే తలచితిమి. కాని ఆ సమాధానము తంబుర యొద్దనే చిక్కుపడును.

కృష్ణాతీరమున తంబురను మూడు తీరుల చూతుము. కచేరీలో గాయకుని వెనుక దానిని నిట్టనిలువుగా నిలిపి ఒకరు మీటుచుందురు; శ్రుతి ఎడతెగక నిలువవలెను గదా! త్యాగరాజస్వామి పటమున అది ఒక చేత నుండును, రెండవ చేత చిడతలు. బుర్రకథలో కథకుడు దానిని భుజమున వేసికొని, కాలిగజ్జెలు మ్రోగ అడుగులు వేయును; ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయింతురు. షేక్ నాజరు (1920-1997) కథ చెప్పుచున్న బొమ్మ చూచి కచేరీ విద్వాంసుడని ఎవ్వరును పొరపడరు. కనుక బొమ్మలో మనము చదువునది వాద్యమును గాదు, దానిని పట్టిన తీరును.

ఫిడేలు సంగతి ఇంకను విచిత్రము. పడమటినుండి వచ్చిన ఆ వాద్యమును ఒంటరిగా గీచినచో ఏ సంగీతమో తేలదు. గడ్డము క్రింద నదిమి నిలుచున్నచో పాశ్చాత్యము. క్రింద కూర్చుండి, ఫిడేలు తలను కుడిపాదమున ఆనించినచో కర్ణాటకము. ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893-1964) వాయించినది ఈ తీరుననే. ఇది చిత్రకారుల ఏర్పాటు కాదు. తల పాదముపై కుదురుగా నిలిచినందున ఎడమచేతికి బరువు మోయు పని తప్పి, వ్రేళ్లు గమకములకై తీగవెంట జారగలవు. అనగా పాట అవసరమే భంగిమను కల్పించినది, భంగిమయే గుర్తైనది.

విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న మొదలైనది. అప్పటినుండి అది వినిపించిన బుర్రకథలకు, కచేరీలకు లెక్కలేదు. అయితే రేడియోలో భంగిమ వినబడదు! అది చూపగలది అచ్చుపుట ఒక్కటే. అందుచేతనే, అందముకొరకు ప్రతి శీర్షికప్రక్కను ఒకే వీణబొమ్మ వేయు అలవాటు మాకు రుచింపదు. బుర్రకథ వేళకై వెదకు రైతు ఆ వీణను చూచి, ఇది తనకు గాదని పుట త్రిప్పివేయును; ఆ రాత్రి కథ ఆయనకు దక్కదు.

వాద్యమే లేకుండ చెప్పిన గుర్తు మన కూచిపూడి వారిది. భామాకలాపమున సత్యభామ ముఖము చూపకముందే తన జడను తెరమీదికి వేయును. పత్రికలో తెరయు, దానిపై వ్రేలాడు ఆ జడయు గీచినచో చాలును. ఏ ఆటయో, ఎవరి పాటలో దివిసీమలో ముసలివారెవరైనను చెప్పుదురు.