పలుచని గాలి – రక్తంలో చక్కెర

విశాఖపట్నం శివారులోని గోపాలపట్నం నుండి అరకు వైపు సాగే రైలు తూర్పు కనుమలను ఎక్కుతూ శిమిలిగుడ వద్ద దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తును చేరుతుంది. చల్లగాలి సోకగానే ప్రయాణికులకు ఒళ్ళు తేలికపడినట్లు తోస్తుంది. కాని రక్తంలోని చక్కెరను మార్చడానికి ఆ ఎత్తు చాలదు. వైద్యశాస్త్రం సాధారణంగా 2500 మీటర్లు దాటిన తావులనే ఎత్తైన ప్రదేశాలుగా పరిగణిస్తుంది. ఆ లెక్కన ఆంధ్రదేశంలో అటువంటి చోటు ఒక్కటీ లేదు. సింహాచలం గిరిప్రదక్షిణలో గోపాలపట్నం మీదుగా నడిచే భక్తులకు చక్కెర తగ్గితే, అది కాళ్ళ కండరాలు చేసిన పని; కొండ ఎత్తు చేసినది కాదు.

సుమారు 3500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణపు గాలిలోనూ ప్రాణవాయువు 21 శాతమే. అయితే అక్కడ వాయుపీడనం సముద్రతీరంలోని దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. అందువల్ల ప్రతి శ్వాసలోనూ అందే ప్రాణవాయువు తగ్గుతుంది. ఈ లోటును పసిగట్టిన మూత్రపిండాలు ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. దాని ప్రేరణతో ఎముకలలోని మజ్జ ఎర్ర రక్తకణాలను అధికంగా తయారు చేస్తుంది. ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండదు. శక్తికోసం అది గ్లూకోజుపైనే ఆధారపడాలి. కణాలు పెరిగినకొద్దీ గ్లూకోజు వాడకమూ పెరుగుతుంది. పైగా ప్రాణవాయువు కొరవడినప్పుడు ఒక్కొక్క కణం మరింత గ్లూకోజును గ్రహించి, దాని నుండి ఒక పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. హిమోగ్లోబిన్ తాను మోసుకొచ్చిన ప్రాణవాయువును కండరాలకు సులభంగా విడిచిపెట్టేటట్లు చేసేది ఆ పదార్థమే. ఎర్ర రక్తకణాలను కేవలం బరువు మోసే కూలీలుగా చూడడం ఎంత పొరపాటో దీనివల్ల తెలుస్తుంది. ఎలుకలపై జరిపి, 2026లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధన కూడా ఈ కణాలే గ్లూకోజును అధికంగా హరిస్తున్నట్లు చూపింది.

పెరూ దేశంలోని ఆండీస్ పర్వతవాసుల రక్తంలో చక్కెర తీరవాసుల కంటె తక్కువగా ఉన్నట్లు పరిశోధకులు చాలాకాలం క్రితమే గమనించారు. అమెరికాలో 2014లో వెలువడిన అధ్యయనంలోనూ 1500 మీటర్లకు ఎగువన నివసించేవారిలో మధుమేహం కొంత తక్కువగా కనిపించింది.

అయితే కొండపై నివసించడం వేరు, నాలుగు రోజులు వెళ్ళి రావడం వేరు. గోపాలపట్నం నుండి మధుమేహం గల ఒక గృహస్థు 3583 మీటర్ల ఎత్తున ఉన్న కేదారనాథ్‌కు వెళ్ళాడనుకుందాం. తొలి రోజులలో ఎడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు చక్కెరను పెంచవచ్చు. ఎడతెగని నడక, మందగించిన ఆకలి దానిని ఒక్కసారిగా దించవచ్చు. తలనొప్పి, నీరసం, తికమక పర్వతవ్యాధికీ లక్షణాలే, చక్కెర పడిపోవడానికీ లక్షణాలే. తోటివారు వాటిని ఎత్తువల్ల వచ్చినవేనని సరిపెట్టుకుంటే ప్రాణాపాయం కలుగవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ గుణం కోల్పోతుంది. మితిమీరిన చలిలో పరీక్ష యంత్రం తప్పు అంకె చూపవచ్చు. అందుచేత ఆ రెండింటినీ సంచిలో కాక, చొక్కా లోపల ఒంటి వెచ్చదనం తగిలేటట్లు ఉంచుకోవాలి. మందు మోతాదును ప్రయాణానికి ముందే వైద్యునితో నిర్ణయించుకోవాలి.