అడవి మంటకు గళ్ల లెక్క: ఏ సాఫ్ట్‌వేరు దేనికి?

కల్లూరు వంటి అడవి అంచు గ్రామములలో వేసవి రాకముందే అడవి ఆకు రాల్చును. ఆ ఎండుటాకులో పడిన నిప్పు మామిడి తోట గట్టున ఆగునా, లోనికి వచ్చునా? దీనిని కంప్యూటరుపై పరీక్షింపవచ్చును. నేలను చదరంగపు పలకవలె గళ్లుగా విభజింతురు. పొరుగు గడి మండినచో చెట్టున్న గడియు అంటుకొనును. ఇందుకు ఉచితముగా దొరకు సాఫ్ట్‌వేర్లు ఇవి:

1. గోల్లీ: 1970 నాటి కాన్వే 'గేమ్ ఆఫ్ లైఫ్' వంటి గళ్ల ఆటలకు తగును. మిక్కిలి వేగము గలది. పొలము పనికి చాలదు.

2. నెట్‌లోగో: 1999లో యూరి విలెన్‌స్కీ రచించెను. అడవి మంట నమూనా ఇందు సిద్ధముగా కలదు. నేర్చుకొనుట సులభము.

3. క్యూజిఐఎస్‌లోని మోలస్క్: రెండు కాలముల భూమి పటములను పోల్చి, అడవి, సాగు మున్ముందు ఎట్లు మారునో అంచనా వేయును.

4. లాండిస్-2: పదుల ఏండ్ల అడవి మార్పులకు. వివరములు చాల కావలెను, పరిశోధకులకే తగును.

రైతు సోదరులు నెట్‌లోగోతో మొదలిడుట మేలు. అందు నూటికి 57 గళ్లలో చెట్లున్నచో మంట సాధారణముగా నడుమనే ఆరును. 62 ఉన్నచో ఆవలి అంచు చేరును. కొద్ది తేడాకే ఫలితము తారుమారగును. కావున గట్టు పొడవునా ఎడము లేకుండ ఆకు ఊడ్చి బాట తీయుడు. ఆ నమూనాలో గాలి, వాలు లేవు. ఎగిరిన నిప్పురవ్వ బాటను దాటగలదు. లెక్కను నమ్మి కావలి మానరాదు.